కొత్త తూటా అడుగున నా కుంకుమ

(చెన్నైలో మేజిస్ట్రేటు గారి గదిలో సాక్షి తెలుగులో చెప్పగా కోర్టు అనువాదకుడు సీతారామారావు రాసుకున్నది.)

నా పేరు చూడామణి. భర్త గోవిందస్వామి నాయుడు, కాలం చేశారు. నా వయసు డెబ్బై ఆరని ఆధార్ కార్డులో ఉందట. ఇంటి పనే నా పని. కాపురం సౌకార్‌పేటలో, మా మామగారు కట్టించిన మేడ ఇంటి కింది భాగంలో. చదువు రాదు. తమిళం బాగానే వచ్చు. అయినా ఇది తెలుగులోనే చెబుతానని అడిగాను. ఒక్క మాట తప్పుగా దొర్లినా నాకు తెలియాలి.

మా ఇంటి పై భాగంలో నా మరిది కొడుకు ఆదిమూలం, వాడి భార్య చంద్రకళ ఉంటారు. ఈ రోజు నన్ను ఆటోలో ఇక్కడికి తీసుకొచ్చింది ఆదిమూలమే. ఇప్పుడు తలుపు బయట బల్ల మీద కూర్చొని ఉన్నాడు. నా గొడుగు, నా నీళ్ల సీసా వాడి చేతిలో ఉన్నాయి. నేను చెప్పబోయేది వాడు చెప్పమన్నది కాదు. అందుకే ముందు తలుపు గడియ పెట్టించమన్నాను. పెట్టించారు. అయినా నాకు భయంగా ఉంది.

దీపావళి నాడు పొద్దున మా సందు చివరి మేడ మీద విఘ్నేష్ అనే అతను తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. మా మేడకూ ఆ మేడకూ మధ్య ఐదారు ఇళ్లున్నాయి. ఆదిమూలం అనుమతి లేకుండా మా ఇంటి మీద ఇంకో అంతస్తు లేపితే, విఘ్నేష్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేశాడు. అధికారులు వచ్చి ఆ అంతస్తుకు సీలు వేశారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంది కనుక పోలీసులు మా ఇంటికీ వచ్చారు. ఇంట్లో ఏ తుపాకీ ఉంది, ఏ తూటాలు ఉన్నాయి అన్నదే ఈ రోజు నన్ను అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెబుతున్నాను.

మా ఆయన తుపాకీ వేట తుపాకీ. పాతది. వేట కూడదని ప్రభుత్వం చెప్పాక ఆయన దాన్ని పేల్చలేదు. లైసెన్సు మాత్రం రెన్యువలు చేయించుకుంటూ వచ్చారు. ఆయన తరువాత అది ఆదిమూలం పేరు మీదికి మారింది. దాని తూటాలు ఇప్పుడు ఎక్కడా దొరకవంటారు. మిగిలినవి కొన్ని బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు తుపాకీని, తూటాలను తుడిచి, గంధం రాసి, కుంకుమ పెట్టడం మా ఇంటి ఆచారం. తుపాకీకి గొట్టం మీద, తూటాకు అడుగున. ముక్కుకు పెట్టకూడదని మా ఆయన చెప్పారు. ఆయన ఉన్నంతకాలం ఆయన పెట్టారు. పోయే ముందు నన్ను పెట్టమన్నారు.

భర్త పోయిన ఆడది కుంకుమ ముట్టుకోవడమేమిటని సందులో అందరూ అన్నారు. ఆదిమూలం కూడా అన్నాడు. "నా నుదుటికి పెట్టుకుంటే అడగండిరా. ఇనుముకి పెట్టేదానికి మీ పర్మిషను ఎందుకు?" అన్నాను. ఆ తరువాత ఎవరూ అడగలేదు. అప్పుడు నాకు ఎవరన్నా భయం లేదు. ఆ కుంకుమ అంగట్లో కొన్నది కాదు. పసుపు, నిమ్మరసం, వెలిగారం కలిపి ఇంట్లో నేనే చేస్తాను. ఎండాక నల్లగా తిరుగుతుంది. నా భరిణె కూడా తెచ్చాను. పరీక్ష చేయించుకోండి.

ఈ ఏడు ఆయుధపూజ నాడు ఆదిమూలం జంఖానాలో చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చి పూజ దగ్గర విప్పాడు. కొత్త రైఫిలు. పైన దుర్భిణి లాంటిది బిగించి ఉంది. దాని తూటాలు జేబులోంచి తీసి, మా ఆయన తూటాల పక్కన, అదే ఇత్తడి పళ్లెంలో పోశాడు. వీటికి కూడా పెట్టమన్నాడు. లైసెన్సు కాగితం వస్తూ ఉందన్నాడు.

అప్పుడు రెండు రకాలూ పక్కపక్కన చూశాను. పాత తూటా లావు. ముక్కు మొద్దు. అడుగున గిన్నెకు ఉన్నట్టు అంచు బయటికి ఉంటుంది. కొత్తది సన్నం. ముక్కు సూది. అడుగున అంచు బయటికి రాదు, దానికి కాస్త పైన చుట్టూ గాడి తీసి ఉంటుంది. కళ్లు మూసుకొని తడిమినా ఏది ఏదో చెప్పవచ్చు.

వాడు రెండింటినీ చెరో చేతిలో పట్టుకొని నాకు చూపించాడు.

"పెద్దమ్మా, పెదనాయన తూటాని ఇంకా కొలుస్తా ఉండావే! ఇది లారీ. బలమే గాని పరుగు లేదు. దూరం పోతే ముక్కు నేలకి దించేస్తాది. ఇది చూడు, సన్నంగా ఉండాదే గాని నువ్వు ఈడ రెప్ప వేసే లోపల ఆడ తగులుకుంటాది."

"మీ పెదనాయనకి పరుగు అక్కర్లేదురా. జంతువు ఊపిరి వినపడేంత దగ్గరికి పోయి నిలబడేవాడు. దూరంగా దాక్కొని కొట్టేవాడికి కావాల నీ కొత్తది. అయినా ఆడ అంటే ఏడరా?"

"సుమ్మా, ఊరికే చెప్తిని పెద్దమ్మా. పందులనుకో."

"సౌకార్‌పేటలో పందులేడివిరా?"

"ఉండాయిలే," అన్నాడు. నవ్వాడు. చంద్రకళ హారతి పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. నేను పళ్లెంలో ఉన్నవాటికన్నింటికీ బొట్టు పెట్టాను. కొత్త వాటికీ అడుగునే పెట్టాను.

దీపావళి పొద్దున ఆరు దాటాక సందంతా టపాకాయలు మొదలయ్యాయి. నేను వంటింట్లో ఉన్నాను. మా మేడ మీద ఒక చప్పుడు వేరుగా వినిపించింది. టపాకాయ చప్పుడు పగిలినట్టు ఉంటుంది. ఇది గట్టి చెక్క మీద కొట్టినట్టు ఉంది. ఒక్కటే. తరువాత సందు చివర రంజని కేక. రంజని విఘ్నేష్ భార్య. నేను పోయేసరికి అతను మేడ మీద వెల్లకిలా పడి ఉన్నాడు. రంజని చేతిలో మూరెడు కాకరపువ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది. పారెయ్యమంటే పారెయ్యలేదు. అది ఆరిపోయేదాకా పట్టుకొనే ఉంది.

పోలీసులు వచ్చి మా ఆయన తుపాకీని, డబ్బాలోని తూటాలను తీసుకెళ్లారు. కొత్త రైఫిలు అప్పటికే ఇంట్లో లేదు. జంఖానా మాత్రం ఉతికి ఆరేసి ఉంది. తరువాత ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చి, శరీరంలో దొరికిన గుండు సన్నదని, కొత్త రకమని, మా తుపాకీది కాదని చెప్పాడు. ఆయన నా వైపు తిరిగేసరికి ఆదిమూలం అడ్డం వచ్చి, "పెద్దమ్మకి చెవుడు సార్," అన్నాడు. నాకు చెవుడు లేదు. ఈ మాట తప్పకుండా రాయండి.

దీపావళి మొదలు రెండు రోజులు ఆదిమూలం మేడంతా చీపురుతో ఊడ్చాడు. పుట్టి బుద్ధి ఎరిగినాక వాడు చీపురు పట్టింది చూడలేదు. "ఏందిరా ఇది?" అంటే టపాకాయల చెత్త అన్నాడు. మూడో రోజు పెద్ద వాన. మేడ మీద నీళ్లు నిలిచాయి. ఏటా తూములో చెత్త తీసేది నేనే. చెయ్యి పెట్టి తీస్తే ఆకులు వచ్చాయి, కాగితాలు వచ్చాయి, ఒక ఖాళీ తూటా వచ్చింది. సన్నది. గాడి ఉన్నది. తిప్పి చూశాను. అడుగున చెక్కిన అక్షరాల సందుల్లో కుంకుమ ఉంది. నా కుంకుమ.

మెట్లు ఎలా దిగానో నాకు గుర్తు లేదు. తూటాను నడుముకున్న వక్కాకు సంచిలో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం ఆదిమూలం కిందికి వచ్చాడు. ఇదివరకు వాడి చెప్పుల చప్పుడు సందు మొదట్లోనే వినపడేది. ఆ రోజు ఒట్టి కాళ్లతో వచ్చాడు. నేను తిరిగి చూస్తే వెనక ఉన్నాడు.

"పెద్దమ్మా, తూము తీసింది నువ్వా?"

"నేను తియ్యకపోతే మీ తాత లేచొస్తాడా?"

"ఆడ ఏమన్నా దొరికిందా?"

"ఆకులు. నీ చీపురుకి అందని చెత్త."

"మెట్లు పాచి పట్టి ఉండాయి పెద్దమ్మా. ఇంక పైకి రావద్దు. జారినావంటే ఈ వయసులో ఎముక అతుక్కోదు," అన్నాడు. వాడి నోట అంత మెత్తటి మాట నేనెప్పుడూ వినలేదు. మరునాడు చూస్తే మెట్ల పక్కన పట్టుకునే తాడు లేదు. మా మామగారి కాలం నుంచి ఉన్న తాడు.

అప్పటినుంచి నేను వండుకున్నదే తింటున్నాను. చంద్రకళ తెచ్చిన పాయసం కాకులకు పెట్టాను. కాకులకు ఏమీ కాలేదు. అది కూడా చెప్పాలి కనుక చెబుతున్నాను. తలుపు వెనక రుబ్బురాయి దొర్లించి పడుకుంటున్నాను. ఒట్టి కాళ్లకు చప్పుడు ఉండదు. ఏ చప్పుడూ లేకపోతే వాడు వస్తున్నాడేమో అనిపిస్తోంది. నాకు భయంగా ఉంది.

ఇంతకుముందే ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేటు అయ్యగారు అడిగారు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన ప్రతిసారీ ఆదిమూలం పక్కనే ఉన్నాడు. గడియ ఉన్న తలుపు నాకు ఈ రోజే దొరికింది. ఇంకోటి. రంజని రోజూ సందులో ప్రతి గడపకూ పోయి, "ఏ దిక్కు నుంచి వచ్చిందో అదన్నా చెప్పండి," అని అడుగుతోంది. నిన్న మా గడపకు వచ్చింది. "అవ్వా, నువ్వన్నా చెప్పవా?" అంది. తూటా నా నడుముకే ఉంది. ఆదిమూలం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆటోలో వస్తూ వాడు నాకు పాఠం చెప్పాడు. "ఒకే తుపాకీ, ఒకే రకం తూటా. అంతే చెప్పు పెద్దమ్మా. ఇంకేమడిగినా చెవుడని చూపించు." ఆటో కుదుపుకు వాడి మోకాలు నా వక్కాకు సంచికి తగులుతూనే ఉంది. సంచిలో వక్కపలుకులు, సున్నపు కాయ, ఆ తూటా. మూడూ గలగలమంటున్నాయి.

ఆ తూటాను ఇప్పుడు అయ్యగారి బల్ల మీద పెట్టాను. కొత్త తూటా మా ఇంటిది కాదని వాడు అంటాడు. వాడి వకీలు కూడా అంటాడు. భర్త పోయినామె కుంకుమ పెట్టిందంటే ఎవరు నమ్ముతారని కూడా అంటారు. మా సందులో నన్ను తిట్టిన వాళ్లందరినీ పిలిచి అడగండి. నేను పెడతానని వాళ్లే సాక్ష్యం చెబుతారు. పూజలో పెట్టమని నేను వాడిని అడగలేదు. వాడే తెచ్చి పెట్టాడు. మనిషిని చంపబోయే ముందు కూడా దేవుడి ఎదుట పెట్టి బొట్టు పెట్టించుకున్నాడు. ఆ బొట్టే మిగిలింది.

ఈ రోజు నన్ను ఆ ఇంటికి పంపవద్దని వేడుకుంటున్నాను. నేను ఎవరినీ వేడుకునే మనిషిని కాను. వేడుకుంటున్నాను.

కుడి చేతి ఉంగరపు వేలితో ఆ తూటాకు బొట్టు పెట్టింది నేనే. ఎడమ చేతి బొటనవేలితో ఇక్కడ ముద్ర వేస్తున్నదీ నేనే. రెండూ నిజం. ఎవరూ చెప్పిస్తే చెప్పలేదు.

చూడామణి, ఎడమ బొటనవేలి ముద్ర.

పైన రాసినదంతా సాక్షికి చదివి వినిపించాను. భయంగా ఉందన్న మాట పదే పదే వస్తోంది, కొన్నిచోట్ల తీసివేయాలా అని అడిగాను. "అది కూడా సాక్ష్యమే, ఉంచండి," అన్నారు. ముద్ర వేశాక సిరా తుడుచుకోలేదు. గొడుగు, నీళ్ల సీసా తెప్పించమంటారా అని అడిగితే వద్దన్నారు. మేజిస్ట్రేటు గారి ఉత్తర్వుతో మహిళా కానిస్టేబులు తోడుగా వెనక తలుపు గుండా వెళ్లారు.

సీతారామారావు, అనువాదకుడు.