వెనక్కి వేసిన తెడ్డు

స్మృతి నగర్ కాలనీవాళ్లు డ్యామ్ దిగువ ఏట్లో రబ్బరు పడవల మీద షికారు చేసి, భిలాయికి తిరిగొస్తూ ఉతైలో టీకి ఆగారు. మామ గురునాథరావు, అల్లుడు మనోహర్ బస్సుకి కాస్త ఎడంగా బెంచీ మీద ఇద్దరే కూర్చున్నారు.

“గైడు ఏటన్నాడు? అది చెప్పు ముందు.”

“ఆగే అన్నాడు మావయ్యా.”

“ఆగే అంటే ఏటి? పుట్టింది భిలాయిలో, పెరిగింది భిలాయిలో. తెలుగెలాగూ సరిగ్గా రాదు. హిందీ కూడా రాదేటి నీకు?”

“ముందుకి వెయ్యమని.”

“మరి నువ్వెటేసినావు?”

“వెనక్కి.”

“వెనక్కి. అందరూ ముందుకేస్తుంటే అల్లుడుగారొక్కరూ వెనక్కి. పడవ అడ్డం తిరిగి రాతికి కొట్టుకుంది. సెక్రటరీ త్రినాథరావు కళ్లజోడు ఏటిపాలు. వాళ్లావిడ మోచెయ్యి చీరుకుపోయింది. బస్సులో నీతో ఎవరైనా మాటాడుతున్నారేటి?”

“చాయ్ చల్లారిపోతోంది మావయ్యా.”

“చల్లారనీ. త్రినాథరావు ఏటన్నాడు, విన్నావా? వచ్చే ఏడు నిన్ను ఒడ్డున చెప్పులకి కాపలా పెడతాడంట. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు. సిగ్గనేది లేదేటి?”

“మీరూ నవ్వారు కదా.”

“నవ్వక ఏడమంటావా? పదకొండింటికి గేట్లెత్తుతారు, నీళ్లు ఒక్కసారే మీదకొస్తాయి, చెప్పింది చెప్పినట్టు చెయ్యండని మూడుసార్లు చెప్పినారు. ముప్పైనాలుగేళ్లు బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసినాను. నీలాంటోడు మా షిఫ్టులో ఒక్కడుంటే నలుగురం మసైపోదుం. మొబైల్ కవర్లమ్ముకునే చేతికి తెడ్డెందుకు?”

“తప్పయిపోయింది. చాలు, ఇంక వదిలెయ్యండి.”

“ఆ మాట ఇప్పటికి పదిమందికి చెప్పినావు, నాకొద్దు. పైగా నన్ను కాలరు పట్టుకుని, అంతమంది ముందు, గోనె సంచీని ఈడ్చినట్టు పడవలోకి ఈడ్చినావు. నిన్నెవరు ఈడ్చమన్నారు?”

“మీరు నీళ్లలో ఉన్నారు.”

“ఎందుకున్నాను? నువ్వు వెనక్కేసినావు, పడవ ఊగింది, పడ్డాను.”

“అలా కాదు...”

“ఏటి కాదు?”

“ఏం లేదు. చాయ్ తాగండి.”

“ఏటి కాదో చెప్పు.”

“నేను వెనక్కి వెయ్యకముందే మీరు నీళ్లలో ఉన్నారు. అందుకే వేశాను. ముందుకేస్తే పడవ మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంది.”

“ఓహో. ఇప్పుడు తప్పు ముసలోడిదయ్యిందా? బాగుంది. ఆ లైఫ్ జాకెట్టు నాకు వదులుగా ఉంది. వాళ్లిచ్చిందే చెత్త సరుకు. క్లిప్పులు వాటంతటవే ఊడిపోయినాయి.”

“మూడు క్లిప్పులూ నేనే బిగించాను.”

“నువ్వు బిగించినవి అలాగే ఉంటాయి మరి.”

“లాగి చూశాను కూడా.”

“రజని ఏదీ?”

“బస్సులో నిద్రపోతోంది. వారం నుంచీ తనకి ఒకటే సంబరం. అత్తయ్య పోయి ఎనిమిది నెలలైంది, మీరు గుమ్మం దాటలేదు. ఈ ట్రిప్ అనగానే మీ అంతట మీరే వెళ్లి పేరు రాయించారు. నాన్న మళ్లీ మనిషయ్యాడని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది.”

“దాని ఊసు ఇప్పుడెందుకు? నీ తెడ్డు సంగతి మాటాడు.”

“నేను సరిగ్గా మీ వెనకే కూర్చున్నాను మావయ్యా.”

“కూర్చుంటే?”

“మీరు తెడ్డు ఒళ్లో పెట్టుకున్నారు. ఒక క్లిప్పు విప్పారు. గాలాడక అనుకున్నాను. రెండోది విప్పారు. మూడోది విప్పి రజని వాళ్ల పడవ వైపు చూశారు. అది మలుపు తిరిగిపోయింది. అప్పుడు...”

“నీళ్లు కళ్లలో పడి నీకేదో కనపడుంటాది.”

“పడవ ఊగలేదు. ఎవరూ తొయ్యలేదు. మీరే దిగారు.”

“రజనికి చెప్పినావేటి?”

“రజనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నా తెడ్డే తప్పిందన్నాను. అలాగే అనుకోనివ్వండి. బస్సెక్కి నా పక్కన కూర్చోండి, చాలు.”

“అంతా చూసినావన్నమాట.”

“చూశాను.”

“చూసినోడివి... మరి నన్నెందుకు లాగినావు బాబూ?”