దివంగత ఇంజనీరు గారికి టీ

అధ్యక్ష స్థానంలో ఉన్న మా సంపాదకులు ఉస్తాజ్ లబీబ్ గారికి, ముందు వరస పెద్దలకు, వెనకాల అప్పుడే కేకు పెట్టె విప్పేస్తున్న అచ్చు విభాగం మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా మదామ్ ఇన్షిరాహ్‌కు సలాం.

మన అలెగ్జాండ్రియాలో పత్రిక చేతికి రాగానే మరణవార్తల పేజీ తీస్తారు. పోయినాయన ఎవరో చూసి ఊరుకోరు, కొడుకులెవరు, వియ్యంకులెవరు, ఏ అల్లుడి హోదా ఏమిటి, ఎవరి పేరు ముందొచ్చింది, అన్నీ చదివి గానీ కాఫీ ముట్టరు. ఆ పేజీని ఇన్నేళ్లూ నడిపింది మదామ్. పక్కన కూర్చుని పని నేర్చుకున్నది నేను, రబాబ్‌ని. రేపటి నుంచి మదామ్ కుర్చీ తీసేస్తారట, కుటుంబాలే ఫోన్లో రాసి పంపితే నేరుగా అచ్చయిపోతుందట. నాకు కోపంగా ఉంది ఉస్తాజ్, కేకు తినకముందే చెప్పేస్తున్నాను. (నవ్వులు)

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో హాజీ షౌకీ అనే పెద్దాయన పోయారు. పేజీ అచ్చుకు వెళ్లబోతుండగా వాళ్లింటి నుంచి ఫోను. ‘షౌకీ అని ఉత్తగా రాశారేం? దివంగత షౌకీ అని రాయండి.’ మదామ్ ఆ పేరు వెతికి, ‘అన్నీ మార్చు’ నొక్కేసింది. మనలో పెద్ద మనవడికి తాత పేరే పెడతారు, పిల్లలందరి పేర్ల వెనకా తండ్రి పేరు నడుస్తుంది. తెల్లారేసరికి ఆ ఇంట్లో సగం మంది దివంగతులు. (నవ్వులు)

పొద్దున్నే మనవడు షౌకీ, ఇంజనీరు, ఆఫీసుకొచ్చాడు.

‘మదామ్, తాత పోయాడు, నిజమే. నేను పోయిన సంగతే నాకు తెలీదు. కాబోయే అత్తగారు ఏడుపు మొదలెట్టేసింది.’

‘కూర్చో బాబూ. టీ తాగుతావా?’

‘పోయినవాడికి టీ ఎందుకు మదామ్? సరే, పంచదార ఎక్కువ వేయించండి.’

ఉస్తాజ్ గారు ఆ రోజు ఆమెను ఉద్యోగంలోంచి పంపించేసేవారే. ఆ దివంగతుడే అడ్డుపడ్డాడు.

అప్పటి నుంచి మదామ్ ఆ మీట జోలికి పోలేదు. కుటుంబాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెతికిన పేరు దొరికిన ప్రతిచోటా ఆగి పైకి చదువుతుంది. వాళ్లు ‘అల్లా ఆయుష్షు పెంచుగాక’ అంటే వదిలేస్తుంది, పోయినవాళ్లకు అనే ‘అల్లా కరుణించుగాక’ అంటే మారుస్తుంది. ఒక పెద్దావిడ మరిది పేరు వినగానే ‘కరుణించుగాక’ అంది. ‘అయ్యో, ఆయన ఎప్పుడు పోయారమ్మా?’ ‘పోలేదు. నా లెక్కలో పోయాడు.’ ‘మీ లెక్క కంప్యూటర్‌కి తెలీదమ్మా, అతన్ని బతకనివ్వండి.’ (నవ్వులు)

పోయిన చలికాలం మా నాన్న బహ్‌గత్ పోయినప్పుడు ఆమెకు ఎదురుగా నేను కూర్చున్నాను. మొదటిచోట ఆగి నా వంక చూసింది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె తొందరపెట్టలేదు, తెర వంక చూస్తూ కూర్చుంది. చివరికి అన్నాను, మార్చింది. తర్వాత వచ్చింది నా పేరు, రబాబ్ బహ్‌గత్. అక్కడా అనబోయాను. ‘ఇక్కడొద్దు తల్లీ. ఈ బహ్‌గత్ నీతోనే ఉంటాడు’ అని దాన్ని ముట్టుకోకుండా దాటేసింది. నాన్న పోయాక నేను ఏడ్చింది అప్పుడే.

(కళ్లు తుడుచుకుని) క్షమించండి. ఈ మాట ఏ ఫోనూ అనదు ఉస్తాజ్. అందుకే ఇంతమంది ముందు అడుగుతున్నాను, ఆ కుర్చీ తీయకండి, నాకివ్వండి. తర్వాత చూద్దాం అంటారని తెలుసు, అందుకే మైకు వదలడం లేదు.

(అధ్యక్షులు తల ఊపారు. చప్పట్లు)

అందరూ చూశారుగా, ఇక మాట మార్చడానికి లేదు. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మదామ్, మీరు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోండి. మన పేజీలో బతికున్నవాళ్లను నేను చూసుకుంటాను. సెలవు.