కోత పడిన గంట

డయాలసిస్ గదిలో పాడైన మెషిన్ మీద దుప్పటి కప్పి ఉంది. నర్సు ముసలాయన చేతి నుంచి సూది తీస్తోంది.

"అప్పుడే తీసేస్తున్నావేంటమ్మా? ఇంకా గంట ఉందిగా!"

"ఇక నుంచి అందరికీ గంట కోతే బాబాయ్. ఆ మెషిన్ బాగుచేయించరట."

"కాళ్లు చూడు, ఎలా ఉబ్బాయో! ఒకప్పుడు పెద్ద డాక్టరే వచ్చి నొక్కి చూసేవాడు."

"ఇప్పుడాయన రారు. నీళ్లు తగ్గించండి."

"నాలుక తడుపుకోవడమే మానేశాను, ఇంకేం తగ్గించను? నా గంట నాకెప్పుడిస్తారు?"

"ఒక పేషెంటు తగ్గితే."

"తగ్గడమంటే? నయమైతేనా?"

"ఇక్కడ నయమై వెళ్లినవాళ్లని చూశారా మీరు?"

ఆయన ఖాళీగా ఉన్న పక్క మంచం వైపు చూశాడు.

"మన టైలర్ రాలేదేం ఇవాళ?"

"ఆయాసం ఎక్కువైంది. పై వార్డులో ఆక్సిజన్ పెట్టారు."

"అయ్యో పాపం! మరీ అంత సీరియస్సా?"

"మీ మొహం వెలిగిపోతోంది బాబాయ్."

"ఛ! అవేం మాటలు? తోటి మనిషి కదా, అడగనా?"

"అడగండి, తప్పేముంది! ఆయన కూడా పొద్దున మాస్కు పక్కకి లాగి మరీ అడిగారు, మీకెలా ఉందని. ఇలాగే, అయ్యో పాపం అంటూ."