ఈగ జారిన బోర్డు

జిండబైన్ సరస్సు ఒడ్డున బేకరీ వరండాలో కూర్చుని మెర్వ్ ట్రెజెన్జా నోరు తెరిచాడంటే, వినేవాడి చేతిలో మాంసం కూరిన మీట్ పై రొట్టె చల్లారిపోవాల్సిందే.

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన ఎదుట ఇద్దరే ఉన్నారు. ఒకడు పాత స్నేహితుడు క్లారీ. పొద్దున్నే తను మంచు మీద జారే స్నోబోర్డుకి మైనం పట్టించి గీకి వచ్చాడు కాబోలు, స్వెటర్ నిండా కొబ్బరి కోరులా మైనం పొట్టు. మంచు కాలం ముగిసే సెప్టెంబరులో ఆ ఊళ్లో ఎవర్ని చూసినా అంతే. సాక్సుల్లో పొట్టు, జుట్టులో పొట్టు, వెన్న గిన్నెలోనూ పొట్టే. రెండో మనిషి మెర్వ్ అన్న కూతురు టానీ. మర్నాడు పొద్దున కొండ మీద సీజనుకి ఆఖరి పందెం. ఎండకి మెత్తబడ్డ మంచు మైనం లేని బోర్డుని జిగురులా పట్టేసుకుంటుంది. పోయినేడు గెలుపు గీత బారెడు దూరంలో ఉందనగా అలాగే పట్టేస్తే టానీ బోర్లా పడింది, వెనకవాళ్లంతా చక్కగా దాటుకుని పోయారు. అందుకే ఈసారి, "మైనం పట్టించడానికి కొట్టుకెందుకే పిల్లా, నేను లేనూ?" అన్న బాబాయి మాట నమ్మి, వారం ముందే బోర్డు ఆయన చేతిలో పెట్టింది.

"బాబాయ్, నా బోర్డేది?"

"అక్కడికే వస్తున్నా, కూర్చో. నిన్న ఏం చేశానంటే, మీ పిన్ని పాత ఇస్త్రీపెట్టె తీశా. పొగ రాకూడదు, అదీ కిటుకు. పొగొచ్చిందా, మైనం మాడిందన్నమాటే. ముందు అంచులు ఆకురాయితో నూరా. ఎంత పదునంటే, గాలి రెండు చీలికలై అటొకటి ఇటొకటి పడింది, సరే అది వదిలెయ్. మైనం ముక్కని ఇస్త్రీపెట్టెకి ఆనించి చుక్కచుక్కా కార్చి, రొట్టెకి వెన్న రాసినట్టు పరిచి, చల్లారాక గీకి, బ్రషుతో రుద్దా. అప్పుడొచ్చిందయ్యా ఒక ఈగ! వాలింది. వాలిన కాలు నిలిస్తేగా! ఈ చివర్నుంచి ఆ చివరికి సర్రున జారి, గోడకి గుద్దుకుని, లేచి నా వంక ఎంత అసహ్యంగా చూసిందో!"

"ఈగ చూసిందా?" అన్నాడు క్లారీ.

"చూడదూ? దాని తలకాయంతా కళ్లే. నువ్వు మధ్యలో అడ్డురాకు."

"నాకు ఈగ వద్దు బాబాయ్. బోర్డు కావాలి."

"ఇదే ఈ కాలపు పిల్లలతో చిక్కు. మనం ప్రాణం పెట్టి చెబుతుంటే వీళ్లకి సరుకు కావాలి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోర్డు బల్ల మీద నిలవదే. తాడేసి కట్టా, తాడు జారిపోయింది. వంగి చూశా, నా నీడ దాని మీద పడి, అదీ జారిపోయింది. ఒట్టు! నేల మీంచి ఏరి తెచ్చుకోవాల్సొచ్చింది. చూడు, ఇప్పటికీ ఎడమ పక్క కాస్త నలిగినట్టు లేదూ?"

క్లారీ నిజంగానే వంగి నీడ వంక చూశాడు. టానీ రెండు చేతులతో నుదురు పట్టుకుంది.

"ఈలోగా షెడ్డు తలుపు సందులోంచి బోర్డు బయటపడింది. మా వీధి ఎగువకుంటుందా, దానికేం పట్టింది, ఎత్తుకే జారింది! మలుపులో ఒక బొచ్చు వాంబాట్, పొట్టి కాళ్లేసుకుని, పీపాలా నిలబడి గడ్డి మేస్తోంది. బోర్డు దాని కాళ్ల కిందికి దూరింది. ఇంకేం, స్వారీ! మూతి ముందుకి చాచి అది నిలబడ్డ తీరు చూడాలి. నీకంటే మోకాళ్లు బాగా వంచింది టానీ, ఏమీ అనుకోకు."

"అనుకుంటున్నా."

"సరస్సు మీదికి పోయింది. మునుగుతుందనుకున్నావా? నీళ్లు దాన్ని పట్టుకుంటేగా మునగడానికి! కూమా రోడ్డెక్కింది. వేగం పట్టే కెమెరా ఫొటో తీసింది. ఫొటోలో రోడ్డుంది, చెట్లున్నాయి, బోర్డూ లేదు, వాంబాటూ లేదు. అంత జోరు! సముద్రం దాటి, న్యూజిలాండ్ కొండలన్నీ ఎక్కి దిగి, ఇంకా ఇంకా వేగం అందుకుని, చివరికి ఏమైందో తెలుసా? బయల్దేరకముందే తిరిగొచ్చేసింది! నేనింకా మైనం రాస్తూనే ఉన్నా, పక్కకి చూస్తే అదే బోర్డు, నిగనిగలాడుతూ, వాంబాట్‌తో సహా!"

"మరి ఈగ?" అన్నాడు క్లారీ.

"నీకు కథ చెప్పడం నాదిరా బుద్ధి తక్కువ!"

"బాబాయ్," అంది టానీ, పళ్లు బిగించి, "క్లారీ అంకుల్ని చూడు. తల నుంచి కాళ్ల దాకా పొట్టే. నీ స్వెటర్ మీద ఒక్క రజను లేదేం?"

"నేను గీకితే మైనం మర్యాదగా వరసలో నడిచి చెత్తబుట్టలోకి పోతుంది."

"అయితే బోర్డివ్వు."

"ఇస్తానే తల్లీ. అంత దూరం తిరిగొచ్చిందా, పాపం అలిసిపోయింది. ఈ పూట పడుకోనీ. రేపు సాయంత్రం..."

"పందెం రేపు పొద్దున!"

టానీ విసురుగా లేచి తన బండి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి, తెచ్చిన తన బోర్డుని మీట్ పై ప్లేట్ల మధ్య దభీమని బోర్లించింది. అడుగంతా ఎండిపోయి, చలికాలం మడమలా తెల్లగా బీటలు వారి ఉంది. మధ్యలో ఒక యూకలిప్టస్ ఆకు అతుక్కుని ఉంది.

"ఇక్కడికొచ్చే ముందే పిన్ని చూపించింది. కోళ్ల దాణా బస్తా వెనకాల ఉంది."

మెర్వ్ బోర్డు వంక చూశాడు, క్లారీ వంక చూశాడు. ముఖం వెలిగిపోయింది. "చూశారా? తిరిగొచ్చిందని చెప్పలా?"

క్లారీ ఏదో అనబోయాడు. ఇంతలో మీట్ పై ముక్క మీంచి ఒక ఈగ లేచి, గిరికీ కొట్టి, బోర్డు నడిమధ్యన వాలింది. నిలబడింది. తీరిగ్గా ముందు కాళ్లు రుద్దుకుంది. ఆకు దాకా నడిచి వెళ్లింది, ఆకు నచ్చలేదేమో, నడిచే వెనక్కొచ్చింది.

ముగ్గురూ దాన్నే చూస్తున్నారు.

"అది వేరే ఈగ," అన్నాడు మెర్వ్.

టానీ మళ్లీ బండి దగ్గరికెళ్లి పిన్ని ఇస్త్రీపెట్టె, మైనం ముక్క, గీకుడు పలక పట్టుకొచ్చింది. గోడకున్న ప్లగ్గులో తీగ గుచ్చి, ఇస్త్రీపెట్టె ఆయన చేతిలో పెట్టి, తను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏ ఈగైతేనేం బాబాయ్. బోర్డు మీద ఇది జారిపడేదాకా నువ్విక్కణ్ణుంచి లేవడానికి వీల్లేదు."