పదకొండో చీటీ

ఏదీ, ఆ ప్రశ్నల కాగితం తీసి చదువు మోల్దిర్, నేను చెబుతా. నాలో ఒక సుగుణం ఉందమ్మా, చెప్పుకోకూడదు గానీ, ఒక్కసారి చదివింది మరిచిపోను. మీ బామ్మని అడుగు. మందులు మరిచిపోతా, పెళ్లిరోజు మరిచిపోతా, అవి చదివినవి కాదుగా! ఊఁ, కానీ. సామ్రాజ్యాలు ఎందుకు కూలాయి... ఐదు కారణాలు. తర్వాత? జారు చక్రవర్తి మీద తిరగబడిన మన ఖాన్ ఎలాంటి నాయకుడు... ఓహో. ఇది ఇంకా అడుగుతున్నారూ.

ఇది నాకొచ్చింది. పదకొండో చీటీ. యాభై ఒకటిలో, పదో తరగతి, అదే మాకు బళ్లో ఆఖరి ఏడు. మాకప్పుడు నోటిపరీక్ష. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి చీటీలు బోర్లించి పెట్టేవాళ్లు, ఏది తీస్తే అది నీ తలరాత. చరిత్ర చెప్పే సెయిల్‌బెక్ మాస్టారికి యుద్ధంలో రెండు వేళ్లు పోయాయి. మిగిలిన మూడింటితోనే పటం మీద ఖాన్ గుర్రాలు ఎటెటు పోయాయో చూపించేవాడు. ‘ఒరేయ్, ఫిరంగులున్నవాళ్ల ముందు పదేళ్లు నిలబడ్డాడ్రా!’ అనేవాడు. పుస్తకంలోనూ అదే. వీరుడు, ప్రజల మనిషి.

ఆ చలికాలం పార్టీ పేపర్లో పెద్ద వ్యాసం పడింది. ఖాన్ వీరుడు కాదట, వేలకొద్దీ గొర్రెలున్న ఆసాముల తొత్తట, జారు సైన్యం రావడమే మనకి మేలైందట. వందేళ్ల కిందట చచ్చినవాడు సమాధిలోంచి లేచొచ్చి ఏం తప్పు చేశాడో మరి! మాస్టారు పైనుంచి వచ్చిన కొత్త కాగితాలు పంచాడు. నేల చూస్తూ, ‘పాత పేజీ మీద ఇది అంటించండి. రేపు తలో గుప్పెడు పిండి తెండి, జిగురు కాద్దాం,’ అన్నాడు. పిండి! రొట్టెకే దిక్కులేని రోజులు. మా అమ్మ, ‘ఖాన్ మూతికి పుయ్యడానికా? వాడు మనకేం పెట్టాడు?’ అని ఆ గుప్పెడూ జావ కాచేసింది. నేను తాగాను. బాగానే ఉంది. అలా నా పుస్తకంలో ఖాన్ వీరుడిగానే ఉండిపోయాడు. మాస్టారు చూశాడు, కోప్పడలేదు. ‘నీకు చదివితే వచ్చేస్తుందిగా ఒరాజ్‌బాయ్, పక్కవాడి పుస్తకంలో చదువుకో నాయనా,’ అన్నాడు. చదివాను కూడా.

పరీక్షకి జిల్లా నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. చీటీ తీశా, నోరు తెరిచా. పాతది వచ్చింది. పొల్లుపోకుండా, మాస్టారి గొంతుతో సహా. మాస్టారు దగ్గాడు. గ్లాసు తోసేసి నీళ్లు ఒలకబోశాడు. ‘ఎండకి పిల్లాడికి కళ్లు తిరిగినట్టున్నాయండీ,’ అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వుతూ, ‘ఆపకండి. ఎంత చక్కగా చెబుతున్నాడు! ఎవరు నేర్పారు బాబూ?’

‘మా మాస్టారేనండీ!’ ఛాతీ విరుచుకుని చెప్పాను తల్లీ. పొగిడేవాడు ఎదురుగా ఉంటే నేను ఆగను.

ఐదుకి ఐదు వేశారు నాకు. వారం తిరక్కుండా మాస్టారిని పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు. చిన్నపిల్లాడివి అంటావా? పదిహేడేళ్లు. కొత్తది చదివానని చెప్పానుగా. నోట్లో రెండూ ఉన్నాయి, ఘనంగా వినపడేది బయటికి వదిలాను. ఇప్పుడు చూడు, చౌరస్తాలో ఖాన్ గుర్రమెక్కి కూర్చున్నాడు, నెత్తిన పావురాలు. నీ పుస్తకంలో జవాబేంటి? వీరుడు, ప్రజల మనిషి. చూశావా, నాదే కరెక్టు!

మాస్టారి భార్య కులియాష్‌ని ఆ ఊళ్లో ఉండనివ్వలేదు. నేను రైల్వేలో చేరి ఇక్కడికొచ్చేసరికి, ఇదే స్టేషన్లో ఎండుచేపలమ్ముతోంది. బండి ఆగితే చాలు, బుట్ట నెత్తిన పెట్టుకుని కిటికీల వెంట పరుగు. నేను వారం వారం కొనేవాణ్ణి. మీ బామ్మకి చేప వాసనే పడదు, అయినా కొనేవాణ్ణి. ఏ ఊరు బాబూ అని ఓసారి అడిగింది. చెప్పా. ఆవిడ బుట్ట దించింది. ‘మా ఆయన దగ్గర ఒక పిల్లాడు చదివేవాడు, పరీక్షలో ఏదో చెప్పాడట. పేరు అడిగితే చెప్పలేదాయన. పసివాడు, వదిలెయ్ అన్నాడు. ఎవరో నీకు తెలుసా?’

నేను చేపని అటూ ఇటూ తిప్పి, ‘ఈసారి ఉప్పెక్కువేశావమ్మా,’ అన్నా.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ చేపలే కొన్నాను. ఆవిడ పోయింది. నాకిప్పుడు చెప్పావుగా అంటావేమో. నువ్వు ఆవిడవి కాదుగా తల్లీ. ఆవిడ ముందు నిలబడి ‘నేనేనమ్మా’ అని ఎలా అనాలో, అది మాత్రం నాకింకా రాలేదు.