తలనొప్పి తగ్గేదాకా

బడి వదిలే వేళ కావస్తోంది. పెద్ద మేడమ్ గదిలో బల్లకి అటువైపు ఆవిడ, ఇటువైపు పిల్లల కౌన్సెలర్ ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి.

“మాట్లాడిందా?”

“మాట్లాడింది మేడమ్.”

“ఎవరు, ఆ పిల్లా? నిజం చెప్పు.”

“నిజమే మేడమ్. అబద్ధమైతే ఉద్యోగం ఇవ్వకండి.”

“నిజమైనా ఇస్తానని నేనింకా అన్లేదు. కూర్చో. అలా కుర్చీ అంచు మీద కాదు, పడతావు. సరిగ్గా కూర్చో. వేసవి సెలవుల దగ్గర్నుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు. క్లాసు టీచరు బతిమాలింది. లెక్కల మేష్టారు కోతి వేషాలేశాడు. డాక్టరుకి చూపిస్తే... చూపించారట, గొంతులో ఏ లోపమూ లేదన్నాడట. నువ్వెళ్ళి ఒక్క పీరియడ్ కూర్చోగానే మాట్లాడేసిందా?”

“నా గొప్పేం లేదు మేడమ్. ముందు నా కడుపు మాట్లాడింది.”

“ఏంటీ?”

“కంగారులో పొద్దున్నుంచీ ఏమీ తినలేదండి. పాప పక్కన కూర్చోగానే గుర్రుమంది, గదంతా వినపడేలా. పాప పెన్సిల్ చెక్కుతోంది. ఆపి నా పొట్టకేసి చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ గుర్రుమంది. అప్పుడు ‘ఆకలా అక్కా?’ అంది.”

“‘ఆకలా అక్కా’ అందా?”

“అని డబ్బాలోంచి బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టింది.”

“గొంతు... గొంతెలా ఉంది?”

“కొంచెం బొంగురుగా ఉంది. ఏం మేడమ్?”

“ఏం లేదు. చాన్నాళ్ళు మాట్లాడకపోతే పాడవుతుందేమోనని, ఊరికే అడిగాను. తర్వాత? ఇంకేమంది?”

“ఏవో చెప్పింది మేడమ్.”

“ఏవో అంటే?”

“పెన్సిళ్ళ గురించి. ఎవరైనా ‘మాట్లాడకపోతే పోనీ, రాసి చూపించు’ అని కాగితం ఇస్తే ములుకు విరగ్గొట్టేస్తుందట. విరిగితే చెక్కుకోవాలి కదా, చెక్కేలోపు గంట కొట్టేస్తారట. చెప్పి నవ్వింది కూడా.”

“దొంగపిల్ల. అందుకా, బాక్సులో ఒక్క పెన్సిలూ వేలెడు పొడుగు ఉండదు! సరే, అసలు సంగతికి రా. ఎందుకు మాట్లాడట్లేదట?”

“అది... అంటే మేడమ్, మొదటి రోజే కదా...”

“అమ్మాయ్. పిల్లల అబద్ధాలు వినీ వినీ నా జుట్టు తెల్లబడింది. నువ్వూ వాళ్ళలాగే గోడకేసి చూస్తూ చెప్తున్నావు. ఎందుకో చెప్పిందా, లేదా?”

“...చెప్పింది.”

“చెప్పిందా! ఏమని?”

“అది చెప్పలేను మేడమ్.”

“చెప్పలేవా, చెప్పవా?”

“చెప్పనని మాటిచ్చాను.”

“మాటిచ్చావా? పొద్దున ఇదే కుర్చీలో కూర్చుని నాకేం చెప్పావు? పిల్లలు ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటే ఏం చేస్తావని అడిగాను. గుర్తుందా?”

“గుర్తుంది. ‘చెప్పనని ఎప్పుడూ మాటివ్వకూడదు, నీకు సాయం చెయ్యగలిగినవాళ్ళకి చెప్తానని ముందే చెప్పాలి’ అన్నాను.”

“గడగడా అప్పజెప్పావు. నేను మార్కులు కూడా వేశాను. మధ్యాహ్నానికల్లా గాలికొదిలేశావా?”

“పొద్దున ఎదురుగా మీరున్నారు మేడమ్. మధ్యాహ్నం పాప ఉంది. నా చిటికెనవేలు పట్టుకుని అడిగింది. మాటిచ్చేదాకా వదల్లేదు. తప్పే. తప్పని నాకూ తెలుసు.”

“తెలిస్తే దిద్దుకో. చెప్పు.”

“ఇంకో తప్పు చేసి దిద్దుకోమంటారా?”

“మాటలు బాగానే వచ్చు నీకు. ఇప్పటికి ఎన్ని ఇంటర్వ్యూలకి వెళ్ళావు?”

“లెక్కపెట్టడం మానేశాను. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ తిరుగుతూనే ఉన్నాను. అందరూ అనుభవం ఉందా అంటారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి తెచ్చేది మేడమ్?”

“ఇంట్లో ఏమంటారు?”

“అక్కావాళ్ళింట్లో ఉంటున్నాను. బావ ఒక్క మాట కూడా అనడు. పొద్దున్నే పేపర్లో ఉద్యోగాల పేజీ విడిగా తీసి నా కంచం పక్కన పెడతాడు, అంతే. ఇవాళ అదీ పెట్టలేదు. ఈ ఉద్యోగం వస్తుందని నమ్మకమో, ఇంకేదీ రాదని నమ్మకమో తెలీదు.”

“అయితే ఇది నీకు అవసరం.”

“చాలా.”

“అయితే విను. ఈ బడిలో పిల్లలు నా మాట ఎందుకు వింటారో తెలుసా? కొడతాననా? చెయ్యెత్తి ఎరగను. నేను పందెం వేస్తాను. ‘ఎక్కాలు తడబడకుండా అప్పజెప్పు, రేపు బడి గంట నువ్వే కొడుదువుగాని.’ ‘వారం రోజులు ఎవర్నీ గిల్లకుండా ఉండు, నిన్ను లీడర్ని చేస్తా.’ ఇస్తానన్నది ఇచ్చి తీరతాను. ఒకసారి ఒళ్ళు కాలే జ్వరంతో వచ్చి మరీ ఇచ్చాను. అందుకే పెద్ద మేడమ్ అందంటే అయి తీరుతుందని వాళ్ళకి గురి. ఏంటి, అలా అయిపోయావు?”

“ఏం లేదు మేడమ్.”

“మొహం తెల్లబోయింది. మంచినీళ్ళు తాగు.”

“వద్దండి. ఆ పందేలు... ఇంట్లో పిల్లలతో కూడానా?”

“ఇంట్లో పిల్లలకి కొమ్ములుంటాయా? నువ్వు మాట మార్చకు. ఇదిగో, నీతోనూ పందెమే. ఆ పిల్ల ఏమందో చెప్పు, నీ ఆర్డరు ఇప్పుడే టైపు కొట్టిస్తాను.”

“మేడమ్, ఒక్కటి అడగొచ్చా? పాప ఇంట్లో ఎవరెవరుంటారు?”

“ఉంటారు. అందరిళ్ళలోలాగే.”

“అమ్మ?”

“ఊళ్ళో లేదు. పెద్దాసుపత్రిలో వైద్యం జరుగుతోంది. తగ్గాక వస్తుంది. పిల్లకి అలాగే చెప్పారు.”

“చెప్పారు అంటే...”

“చెప్పారంటే చెప్పారు. ఇంటర్వ్యూ నేను చేస్తున్నానా, నువ్వా?”

“సారీ మేడమ్. నాన్న?”

“ఉన్నా లేనట్టే. వేరే కాపురం పెట్టుకున్నాడు. ఇంకా?”

“జడలెవరు వేస్తారు?”

“జడలా?”

“ఎంత బిగించి వేశారంటే, పాప కనుబొమలు పైకి లేచిపోయాయి.”

“బిగించకపోతే మధ్యాహ్నానికి ఊడిపోతాయి. దాని జుట్టు పట్టు దారంలా జారిపోతుంది. వాళ్ళమ్మదీ అంతే, చిన్నప్పుడు... ఏంటి, అలా చూస్తావు?”

“మీ కళ్ళజోడు సంచి బాగుంది మేడమ్.”

“మధ్యలో దీని గొడవెందుకు?”

“పాప బిస్కెట్ డబ్బాకీ ఇదే గుడ్డతో సంచి ఉంది. నీలం మీద పసుపు పిట్టలు. ఇదే కుట్టు.”

“మా అమ్మాయి కుట్టింది. రెండూ అదే కుట్టింది. మిగిలిన గుడ్డ ముక్క పారేయబుద్ధి కాదు దానికి.”

“అంటే, పాప మీ...”

“మనవరాలు. బడిలో ఆ సంగతి చెప్పుకోను. ఇక్కడ అదీ అందరిలాంటిదే. నన్ను మేడమ్ అనే పిలుస్తుంది. పిలిచేది.”

“ముందే చెప్పాల్సింది మేడమ్.”

“చెబితే నా మొహం చూసి జవాబులు చెప్తావని చెప్పలేదు. ఇప్పుడు మేడమ్‌గా అడగట్లేదమ్మా. దాని అమ్మమ్మగా అడుగుతున్నాను. ఏమంది?”

“అమ్మమ్మకే చెప్పొద్దంది.”

“నాకా? నాకే చెప్పొద్దందా? నేనేం చేశాను దాన్ని? కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నానే!”

“తెలుసు మేడమ్.”

“ఏం తెలుసు నీకు? రాత్రి అది నిద్రపోయాక కూడా పక్కన కూర్చుంటాను, కలలోనైనా ఏమైనా అంటుందేమోనని. నాకు చెప్పొద్దందా?”

“మేడమ్, నేనేమీ చెప్పట్లేదు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను, అంతే.”

“అడుగు.”

“మీకు తలనొప్పి తగ్గిందా?”

“నాకు తలనొప్పేంటి?”

“లేదా?”

“ఎప్పుడూ లేదు. మోకాళ్ళు నొప్పంటే ఒప్పుకుంటాను గానీ తలనొప్పేంటి? నాకు తలనొప్పని ఎవరు... ఆగు.”

“ఫోను మోగుతోంది మేడమ్.”

“మోగనీ. ఆగు, ఆగు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాను. గుమ్మంలోనే ఎదురొచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ ఒకటే ప్రశ్నలు. ‘అమ్మమ్మా, నీ కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయి? అమ్మేదీ? ఎప్పుడొస్తుంది? అమ్మమ్మా, అమ్మమ్మా...’ నాకు ఏం చెప్పాలో తోచలేదు. తలనొప్పమ్మా అన్నాను.”

“తర్వాత?”

“‘నువ్వు మాట్లాడకుండా ఉంటే అమ్మమ్మకి తలనొప్పి తగ్గిపోతుంది. పందెమా?’ అన్నాను. తలూపింది. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని... అంతే. మళ్ళీ ఆ పందెం నాకు గుర్తే లేదు. ఆ పూట గడవడానికి నోటికొచ్చిందేదో అన్నాను.”

“మీరు అన్నారంటే అయి తీరుతుందని పిల్లలకి గురి కదా మేడమ్.”

“ఇన్నాళ్ళూనా? నా తలనొప్పి తగ్గాలని ఇన్నాళ్ళూనా!”

“నేనేమీ చెప్పలేదు మేడమ్.”

“చెప్పలేదులే. నువ్వేం చెప్పలేదు. ఇంకేమైనా అందా?”

“అంది. అది మాత్రం అడగకండి. చిటికెనవేలు పట్టుకున్నది దాని కోసమే.”

“అడగను. నేను నీకు చెప్పాల్సింది కూడా ఒకటుంది. మా అమ్మాయి ఆసుపత్రిలో లేదమ్మా. ఆ రోజే పోయింది. పిల్లని పక్కింట్లో ఉంచి అన్నీ కానిచ్చేశాం. సెలవులయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షలయ్యాక అనుకున్నాను. రోజూ జడలు వేస్తూ, ఇవాళ చెప్పేస్తాను అనుకుంటాను. అందుకే అలా బిగిసిపోతాయేమో. బడిలో అందరికీ తెలుసు. దాని దగ్గర ఎవరూ నోరెత్తొద్దని గట్టిగా చెప్పాను. ఏం మాట్లాడవేం?”

“ఏం మాట్లాడను మేడమ్?”

“నువ్వు చెప్పు దానికి. నీతో మాట్లాడింది కదా. బిస్కెట్ కూడా పెట్టింది. ఇదంతా చదువుకున్నదానివి, నాకంటే నువ్వే బాగా చెప్తావు. ఆ ఒక్క మాట చెప్పేసి రేపట్నుంచి ఉద్యోగంలో చేరిపో. సరేనా?”

“ఇదీ పందెమేనా మేడమ్? నాకీ ఉద్యోగం కావాలి. బావ మొహం చూడలేక, బస్సు దిగాక కూడా వీధులన్నీ తిరిగి తిరిగి ఇంటికెళ్తున్నాను. కానీ ఆ మాట నేను చెప్పను.”

“ఉద్యోగం ఇవ్వనంటే?”

“ఇవ్వకపోయినా చెప్పను. అది మీరే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను. మధ్యలో మీరు ఆగిపోయినా కూర్చునే ఉంటాను. దానికి ఆర్డరు అక్కర్లేదు.”

“నాకు చేతకావట్లేదమ్మా. ఇంత బడిని నడుపుతున్నాను. ఆ ఒక్క మాట నాకు చేతకావట్లేదు.”

“పాప బయట బెంచీ మీదే ఉంది మేడమ్. కిటికీ అద్దంలోంచి మనకేసే చూస్తోంది.”

“అయ్యో! నా మొహమెలా ఉంది?”

“ఏడ్చినట్టే ఉంది. ఉండనివ్వండి.”

“పిలు. వద్దు, ఆగు. రేపు... లేదు, లేదు. పిలు.”

“పాపా! లోపలికి రా. అమ్మమ్మ పిలుస్తోంది.”

“రా తల్లీ. ఇలా నా పక్కకి రా. అక్క కూడా ఇక్కడే ఉంటుంది. ఇదిగో, అమ్మమ్మకి తలనొప్పి తగ్గిపోయింది. పూర్తిగా తగ్గిపోయింది. పందెం నువ్వే గెలిచావు. ఇంక ఎంతసేపైనా మాట్లాడుకో.”

“...”

“నిజమే, బంగారం. ఏదీ, ఒక్కసారి అమ్మమ్మా అను.”

“...తగ్గలేదు. నిన్న కూడా కుళాయి తిప్పి ఏడ్చావు. నాకు వినపడింది.”

“అది తలనొప్పికి కాదు తల్లీ. తలనొప్పి అసలు లేనే లేదు. అమ్మమ్మ నీకో సంగతి చెప్పాలి. అమ్మ లేదూ... అమ్మ ఆసుపత్రిలో... నా వల్ల కావట్లేదు అమ్మాయ్.”

“నేనిక్కడే ఉన్నాను మేడమ్.”

“అమ్మ...”

“పోనీ, నేను చెప్పనా అమ్మమ్మా? పందెం. నువ్వు ఏడవకుండా ఉంటేనే చెప్తా. నీకు తెలిస్తే తలనొప్పి ఇంకా ఎక్కువవుతుందని అక్కకి ఒక్కదానికే చెప్పా. అమ్మ ఇంక రాదు.”