పెద్దమనిషికి కోడికూర

మోర్తాడ్‌లో సిద్దిరాములు పసుపు గోదాం. సరుకు చూడవచ్చిన ముగ్గురు ఆర్బిట్రేటర్ల కార్లు, అవతలి పార్టీ వకీళ్ల కార్లు ఇప్పుడే వెళ్లిపోయాయి. మిగిలింది సిద్దిరాములు, ఆయన వకీలు శైలజ. ఆమె ఆయనకు అన్న బిడ్డ.

“తిన్నడా లేదా, గదొక్కటి చెప్పు చిన్నబాపు.”

“ఎవలు?”

“ఎవలా? గా తెల్లాయన. మూతికి మసాలా అంటుకోని వచ్చిండు.”

“బాత్రూం ఏడున్నదని అడిగిండు బిడ్డా. ఇంట్లకు తోల్కపోయిన.”

“బాత్రూంల కోడికూర పెట్టిండ్రా?”

“దార్ల వంటిల్లు వడ్డది. మీ చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది. వాసన సూసి నిలవడ్డడు. ఇంటికొచ్చినోన్ని తినకుండ పంపుతమా?”

“ఇంకిద్దరు సుత వచ్చిండ్రు గదా. వాళ్లు మనుషులు కారా?”

“వాళ్లు బాత్రూం అడగలే.”

“నీకెన్నిసార్లు చెప్పిన? వాళ్లతోని మాట్లాడకు, నవ్వకు, నీళ్లు సుత ఇయ్యకు అని. గిది సింగపూర్ రూల్స్ మీద నడిచే ఆర్బిట్రేషన్.”

“ఆ, మస్తు పెద్దది. మనమొకల్ని పెట్టుకోవాలె, గా జర్మనీ కంపెనీ ఒకల్ని పెట్టుకోవాలె, ఆ ఇద్దరు కలిసి నడిమిట్ల ఇంకొకల్ని కూసోవెట్టాలె. మా ఊర్ల దీన్ని పంచాయితీ అంటరు. గింత దానికి లండన్ పోయి సదివొచ్చినవ్, ఎండల కోటేస్కోని తిరుగుతున్నవ్.”

“నవ్వు, నవ్వు. మన పసుపుకు పురుగు వట్టిందని వాపస్ పంపిండ్రు. కేసు ఓడితే మోర్తాడ్‌ల నీకు పసుపు ఎవలిస్తరు?”

“ఎవ్వడియ్యడు. నా మొకం సూసి అప్పుకిచ్చిండ్రు బిడ్డా, గా రైతులు. నాకు నిద్ర వడ్తలేదు. అందుకే గదా...”

“అందుకే కూర వెట్టి మెప్పిద్దామనుకున్నవ్.”

“ఛీ. నేను లంచమిచ్చేటోన్నా?”

“మరేంది? కారెక్కెటప్పుడు ఆయన రెండు పార్టీల వకీళ్లను పిలిచి చెప్పిండు. అందరికి వెట్టిండ్రనుకోని తిన్నడంట. ఒక పార్టీ ఇంట్ల నేనొక్కన్నే తిన్న, ఇగ ఈ కేసుల కూసోను అన్నడు.”

“తప్పుకున్నడా?”

“తప్పుకున్నడు.”

“శానా మంచిమాట. చాయ్ తాగుతవా?”

“ఏం మంచిమాట?”

“ఒకని ఇంట్ల అన్నం తిన్న పెద్దమనిషి ఇగ ఆ పంచాయితీల తీర్పు చెప్పరాదు. మా తాత కాలం నుంచి గంతే. అవతలోడు తెచ్చుకున్న పెద్దమనిషి మొండోడైతే మేమేం కొట్లాడం. పిలిచి కడుపునిండ పెడ్తం. మర్నాడు వాడంతట వాడే లేస్తడు. లండన్‌ల గిది చెప్పలేదా?”

“ఆగు. అవతలోల్ల మనిషి అని నీకెవలు చెప్పిండ్రు?”

“గది సుత అడగాల్నా? తెల్లోల్ల కంపెనీకి తెల్లోడే గదా. మనాయన, గా హైదరాబాద్ సారు, ఎంత పద్ధతిగ ఉన్నడు. ఆయనకు నీళ్లు సుత ఇయ్యలే, నువ్వు చెప్పినట్టే.”

“చిన్నబాపు, జర కూసో.”

“ఏందో చెప్పు.”

“హైదరాబాద్ సారును పెట్టుకున్నది వాళ్లు. నీ కూర తిని పోయినాయనను ఏడాది దేవులాడి మనకు తెచ్చింది నేను.”